ఒడియాలో బేరాలు, తెలుగులో జపమాల

సంపాదకుల వారికి,

అయ్యా,

మూడు వారాల కిందట మీ సంపాదకీయ పుటలో కతోలిక పుణ్యక్షేత్రాల ఉత్సవాల గురించి వచ్చిన వ్యాసాన్ని నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో చదివాను, రెండోసారి నిదానంగా చదివాను. ఫిబ్రవరిలో గుణదల కొండ దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారనీ, ఆ జనంలో ఆదివారం దివ్యపూజకు వచ్చి కూర్చునేవారు కొద్దిమందేననీ, జపమాలలు, నవదిన ప్రార్థనలు, తేరు ఊరేగింపులు పెరిగేకొద్దీ ఆలోచించి నమ్మే విశ్వాసం తరిగిపోతున్నదనీ, గురువులు కూడా కానుకల పెట్టెను చూసుకుని మిన్నకుంటున్నారనీ వ్యాసకర్త రాశారు. కానుకల పెట్టె మాట నాకు కోపం తెప్పించింది. మిగిలినదానిలో కొంత నిజం ఉన్నదని రెండోసారి చదివినప్పుడు ఒప్పుకోవలసి వచ్చింది. అయితే అది నగరంలో పెద్ద దేవాలయం మెట్ల మీద నిలబడి చూసిన దృశ్యం. ఒడిశా సరిహద్దున, గజపతి జిల్లాలో, తెలుగు, ఒడియా, సవర భాషలు మాట్లాడే ఒక చిన్న విచారణలో పదకొండేళ్లుగా గురువుగా ఉన్న నాకు అదే సంగతి వేరుగా కనిపిస్తున్నది. దానిని చెప్పడానికి నా తప్పు ఒకటి కూడా చెప్పుకోవాలి. అందువల్ల ఈ ఉత్తరం కాస్త పొడవైంది, మన్నించగలరు.

ముందుగా మా మాట ఒకటి వివరించాలి. ఒక గురువు పోషణలో ఉండే ఊళ్లన్నిటినీ కలిపి తెలుగు కతోలికులు 'విచారణ' అంటారు, ఆయనను విచారణ గురువు అంటారు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆంధ్ర నుంచి ఒక మిత్రుడు కవరు మీద తెలుగులో 'విచారణ గురువు గారికి' అని రాసి ఉత్తరం పంపితే, తెలుగు చదవగలిగిన మా తపాలా ఉద్యోగి దానిని నా చేతిలో పెడుతూ, 'ఏమండీ, మీ మీద ఏమైనా విచారణ జరుగుతున్నదా?' అని చాలా మెల్లగా అడిగాడు. నవ్వుకున్నాం. కానీ జబ్బుపడిన వాళ్లను పలకరించడాన్ని, ఎవరింట్లో పొయ్యి వెలిగిందో వెలగలేదో కనుక్కోవడాన్ని కూడా మన పెద్దలు విచారించడమనే అన్నారు. ఆ అర్థంలో నేను నా పని కొన్నేళ్లపాటు సరిగా చేయలేదు. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఈ ప్రాంతం చరిత్ర రెండు మాటల్లో. 1846లో విశాఖపట్నం చేరిన పునీత ఫ్రాన్సిస్ డి సాల్స్ సభ గురువులు ఉత్తరాన గంజాం దాకా తిరిగి వేదబోధ చేశారు. 1922లో స్పెయిన్ నుంచి పునీత విన్సెంట్ సభ గురువులు ఈ ఉత్తర భాగానికి వచ్చారు. 1928లో విశాఖపట్నం మేత్రాసనం, అంటే ఒక బిషప్పు గారి పాలనలో ఉండే ప్రాంతం, నుంచి కటక్ మిషన్ విడిపోయింది, 1937లో అది మేత్రాసనమైంది, 1974లో బరంపురం మేత్రాసనం ఏర్పడింది. ఒడిశా రాష్ట్రం పుట్టింది 1936 ఏప్రిల్ 1న. అంటే పర్లాకిమిడి జమీందారీని రెండుగా చీల్చిన గీత కంటే ఎనిమిదేళ్ల ముందే మా సంఘంలో గీత పడింది. గీతకు ఇవతల మిగిలిపోయిన తెలుగు కుటుంబాలు ఎక్కడికీ వలస రాలేదు. ఉన్నచోటనే ఉన్నారు, వారి చుట్టూ రాష్ట్రం మారింది. తరువాతి కాలంలో 1900 నాటి నౌపడ, పర్లాకిమిడి చిన్న రైలు మార్గం వెంట పనికి వచ్చినవారు, రోడ్డు పనులకు, వ్యాపారాలకు వచ్చినవారు వారికి తోడయ్యారు. ఇక కొండల మీద సవరలు ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం గజపతి జిల్లాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులే. వారిలో బాప్టిస్టు సంఘాల వారు ఎక్కువ, మేము తక్కువ.

నేను గంజాం జిల్లాలో ఒక తెలుగు ఇంట పుట్టాను. బడి చదువు ఒడియాలో, గురువిద్య ఇంగ్లిషులో సాగాయి. తెలుగు అక్షరాలు మా అమ్మ తన జపమాల పుస్తకంలో వేలు పెట్టి చూపిస్తూ నేర్పింది. నేను తెలుగులో కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం 'దేవవర ప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము' అన్నది. ఆ తరువాతి మాట 'ఏలినవారు మీతో ఉన్నారు' అని ఉంటుంది. మా పాత జపాలలో దేవుడినీ దేవమాతనూ 'మీరు' అనే అంటాం. 'పరలోకమందున్న మా యొక్క తండ్రీ, మీ నామము పూజింపబడును గాక' అంటాం. పక్కింటి బాప్టిస్టు పిల్లలు 'నీ నామము' అంటుంటే చిన్నతనంలో నాకు వాళ్లు దేవుడితో మరీ చనువుగా ఉన్నట్టు తోచేది. ఇంత చిన్న సర్వనామంలో కూడా ఒక ఇంటి భక్తి స్వభావం దాగి ఉంటుందని అప్పుడు తెలియదు, పెద్దయ్యాక మరచిపోయాను.

2014లో ఈ విచారణకు వచ్చేసరికి ఇక్కడ ఆదివారం ఉదయం ఆరు గంటలకు తెలుగు పూజ, ఎనిమిది గంటలకు ఒడియా పూజ జరిగేవి. కొండ ఊళ్లలో నెలకొకసారి గురువు వెళ్లినప్పుడు సవర పాటలతో పూజ జరిగేది. తెలుగు పూజకు నలభై కుటుంబాలు వచ్చేవి. మరుసటి ఏడాది, క్రిస్మసుకు ముందు వచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం నుంచి నేను ఆ రెండు పూజలనూ కలిపి ఒకే ఒడియా పూజ చేశాను. విచారణ సలహా సంఘంలో నేను చెప్పిన కారణం ఐక్యత. ఒకే దేహం, ఒకే రొట్టె అని పునీత పౌలు గారి మాటలు కూడా ఉదాహరించాను. చెప్పని కారణాలు రెండున్నాయి. తెలుగువాడు కనుక తెలుగువాళ్ల పక్షం వహిస్తున్నాడన్న మాట పడకూడదన్నది మొదటిది. రెండోది మరీ చిన్నది: ఆదివారం రెండు పూజలు ముగించి కొండ మీది ఊళ్లకు మోటారు సైకిలు మీద బయలుదేరేసరికి మధ్యాహ్నమయ్యేది, నా నడుము సహకరించేది కాదు. నడుము నొప్పికి వేదవాక్యం అడ్డుపెట్టుకున్నాను.

తెలుగు కుటుంబాలు గొడవ చేయలేదు. చేసి ఉంటే నాకు ముందే బుద్ధి వచ్చేది. వారికి ఒడియా వచ్చు. బజారులో, బడిలో, కచేరీలో అదే మాట్లాడతారు. ఎనిమిది గంటలకు వచ్చి వెనుక వరుసల్లో కూర్చునేవారు. పాటలు మాత్రం పాడేవారు కాదు. మొదటి ఏడాది నేను దానిని బిడియమనుకున్నాను. రెండో ఏడాది పురుషులు తగ్గారు. మూడో ఏడాదికి యువకులు ఆదివారం ఉదయం సరిహద్దు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం వైపు వెళ్లి, అక్కడ తెలుగులో జరిగే వేరే సంఘాల ప్రార్థనల్లో కూర్చుని వస్తున్నారని తెలిసింది. నేను వారి మీద ప్రసంగంలో విసుక్కున్నాను. ఆ విసుగు కూడా ఒడియాలోనే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం కొబ్బరితోటలు, జీడితోటలు నేలపాలైన సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. తీరాన్ని దాటిన గాలి మా కొండలకు వాన తెచ్చింది. గజపతి జిల్లాలో వాగులు పొంగాయి, కొండచరియలు విరిగి మనుషులు పోయారు. ఆ ముందు రాత్రి మా గుడిలో దాదాపు నూటయాభై మంది తలదాచుకున్నారు. కరెంటు లేదు. అక్టోబరు మాకు జపమాల మాసం కనుక ఎవరో ఒక పెద్దామె చీకట్లోనే జపమాల ఎత్తుకున్నది. 'దేవవర ప్రసాదము' అని మొదలయ్యే మంగళవార్త జపం మొదటి భాగం తెలుగులో ఆమె చెబితే, రెండో భాగం వెనుక నుంచి ఒడియాలో వచ్చింది. తరువాతి పది జపాలలో ఒడియావారు మొదలుపెట్టారు, తెలుగువారు అందుకున్నారు. మూలన ఉన్న సవర కుటుంబం తమ భాషలో పరలోక జపం చెప్పింది. జపమాల జపంలో ఈ వెసులుబాటు ఉన్నది: సగం ఒకరు చెబితే, మిగతా సగం ఇంకొకరు పూర్తిచేస్తారు, అవతలివారి మాటలు తెలియకపోయినా తన వంతు ఎప్పుడొస్తుందో ప్రతివారికీ తెలుస్తుంది. మూడేళ్లుగా నేను ఒకే భాషతో తేవాలనుకున్న ఐక్యత ఆ రాత్రి మూడు భాషల్లో, నా ప్రమేయం లేకుండా జరిగింది. నేను పైకప్పు రేకుల వంక చూస్తూ కూర్చున్నాను. ఆ తెలుగు స్త్రీల గొంతులు అంత బిగ్గరగా ఉంటాయని అప్పటిదాకా నాకు తెలియదు.

తుఫాను తరువాత ఇళ్లు చూడడానికి తిరిగినప్పుడు అసలు సంగతి బయటపడింది. తెలుగు వీధిలో స్త్రీలు రోజూ రాత్రి ఏడు గంటలకు, వంతులవారీగా ఒక్కో ఇంట్లో, తెలుగులో జపమాల చెప్పుకుంటున్నారు. నేను తెలుగు పూజ ఆపిన వారం నుంచి అది మొదలైందట. ఎవరూ పెట్టమనలేదు, నన్ను అడగనూ లేదు. జపమాలలో పదేసి జపాలకు ఒకటి చొప్పున ధ్యానించే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలను దేవరహస్యాలంటాం. ప్రతి దేవరహస్యం ముందు ఒకామె ఆ సువిశేష ఘట్టాన్ని తన మాటల్లో రెండు నిమిషాలు చెబుతుంది. మరియమ్మ ఎలిజబెతమ్మను చూడడానికి కొండదారిన వెళ్లిన ఘట్టానికి, నెలలు నిండిన పెద్దింటి ఆడపడుచుకు పురుడు పోయడానికి చిన్నది నడిచి వెళ్లినట్టు చెప్పింది. నేను వేదశాస్త్రంలో ఆ ఘట్టం మీద పరీక్ష రాసినవాణ్ణి. ఆ నడక ఎంత కష్టమో ఆమె చెప్పేదాకా నాకు తట్టలేదు. మరొక విషయం చెప్పి ముందుకు పోతాను. 2002లో పోపు రెండవ జాన్ పౌలు వారు జపమాలకు వెలుగు దేవరహస్యాలు ఐదు చేర్చి, వాటిని గురువారం చెప్పుకోమన్నారు. మా వీధి అవ్వలు నేటికీ గురువారం పాత పద్ధతిలో సంతోష దేవరహస్యాలే చెబుతారు. నేను సరిదిద్దబోతే, 'పోపుగారు మంచోరే స్వామీ, నిదానంగా అలవాటు సేసుకుంటాం' అన్నారు. పదిహేనేళ్లు దాటినా ఆ నిదానం ఇంకా నిదానంగానే ఉంది.

అప్పుడు వారిలో ఒకామె అన్న మాట నన్ను మార్చింది. ఇది పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర రహస్యంగా పాపాలు చెప్పుకునే చోట, విన్నది కాదు. అలా విన్నది ఏదీ నేను ఎవరికీ చెప్పకూడదు, రాయకూడదు. వరండాలో, నలుగురి ఎదుట, కూరగాయలు తరుగుతూ అన్న మాట గనుక రాస్తున్నాను. చేపల గంప నెత్తిన పెట్టుకుని నలభై ఏళ్లు ఈ ఊరి వీధులు తిరిగిన మనిషి ఆమె. పాపసంకీర్తనానికి ఎందుకు రావడం లేదని నేను అడిగితే, 'ఒడియాలో నాకు బేరాలాడడం వొచ్చు స్వామీ, పాపాలు సెప్పుకోడం రాదు' అన్నది. నేను తెలుగువాడినే కదా, తెలుగులో చెప్పవచ్చు కదా అన్నాను. 'మీరు గుళ్లో తెలుగు మాటాడగా ఇన్నాం కాదే, మరిసిపోయేరనుకున్నాం' అన్నది. ఎవరూ నవ్వలేదు.

మీ వ్యాసకర్త భక్తిని, విశ్వాసాన్ని తక్కెడలో చెరో వైపు పెట్టి తూచారు. ఒకటి బరువెక్కితే మరొకటి తేలిపోతుందన్నది ఆయన లెక్క. మా నది మహేంద్రతనయలో ఎండాకాలం నీరు కనపడదు. అయినా ఇసుకలో చెలమ తవ్వితే నీళ్లు ఊరుతాయి, వేసవంతా ఊరు ఆ చెలమల మీదే గడుస్తుంది. చెలమలు ఎక్కువయ్యాయి కాబట్టి నది ఎండిందని ఎవరూ అనరు. నేను నదిని కట్టేసినప్పుడు ఆ స్త్రీలు చెలమ తవ్వుకున్నారు. ఆ జపమాలలే లేకపోతే, నలభై కుటుంబాల్లో ఇప్పుడు సగం కూడా మా గుడి గడప తొక్కేవి కావని నా నమ్మకం.

తిరుసభ, అంటే మా కతోలిక సంఘం, బోధ కూడా ఈ రెంటినీ విడదీయదు. 1963 డిసెంబరు 4న ప్రపంచంలోని కతోలిక బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ, దివ్యపూజ వంటి ఉమ్మడి ఆరాధన గురించి వెలువరించిన దైవార్చన శాసనంలో పదమూడవ అంశం ప్రజల భక్తికృత్యాలను గట్టిగా మెచ్చుకుంటుంది. అవి దైవార్చన నుంచి పుట్టి, జనాన్ని తిరిగి దైవార్చన వైపే నడిపించాలని, దైవార్చన వాటి కంటే ఉన్నతమైనదని కూడా అక్కడే చెబుతుంది. పూజలో మాతృభాషకు చోటిచ్చిందీ ఆ శాసనమే. అంతకు ముందు పూజ లాటిన్‌లో జరిగేది. మా తాతల కాలంలో గురువు బలిపీఠం దగ్గర లాటిన్‌లో పూజ చేస్తుంటే, జనం బల్లల్లో కూర్చుని తెలుగులో జపమాల చెప్పుకునేవారు. నేను 2015లో చేసిన పని, ఆలోచిస్తే, మా తెలుగువాళ్లను తిరిగి ఆ కాలానికి పంపడమే. వాళ్లు కూడా తాతలు చేసినట్టే చేశారు. జపమాలలో ఆలోచన లేదన్న మాటకు కూడా ఒక జవాబు చెప్పాలి. నూటయాభై కీర్తనలు చదవలేని పామరులు నూటయాభై మంగళవార్త జపాలు చెప్పుకునేవారు. చదువురాని వారి కీర్తనల గ్రంథం అది. నవదిన ప్రార్థన కూడా నిన్న మొన్న పుట్టిన వేడుక కాదు. ప్రభువు మోక్షానికి ఆరోహణమైన తరువాత, పవిత్రాత్మ దిగివచ్చిన పెంతెకోస్తు దాకా శిష్యులు, మరియమ్మతో కలిసి, మేడగదిలో ప్రార్థిస్తూ గడిపిన రోజులే దానికి మూలం.

ఇక వ్యాసకర్తతో ఏకీభవించే చోటు. భక్తి బేరంగా మారడం నేను కళ్లారా చూశాను. పునీత అంతోనివారి నవదిన ప్రార్థనకు తొమ్మిది మంగళవారాలు తప్పకుండా వచ్చిన ఒక తండ్రి, కొడుకుకు ఉద్యోగం రాకపోయేసరికి పదో మంగళవారం నుంచి గుడికి రావడం మానేశాడు. ఆయనకు అంతోనివారితో ఉన్నది ఒప్పందం; అవతలి పక్షం ఒప్పందం తప్పింది. గుణదలకు వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చేవారు మా దగ్గరా ఉన్నారు. పలాసలో రైలెక్కి శ్రమపడి పోయి, దారిపొడవునా పాడుకుంటూ వచ్చే ఆ ప్రయాణాన్ని నేను ఎన్నడూ కించపరచను. 1858లో ఫ్రాన్సులోని లూర్దు గుహ దగ్గర మరియమ్మను చూశానని పద్నాలుగేళ్ల బెర్నదెత్తు చెప్పినది కూడా తిరుసభ పెద్దలకు మొదట నమ్మశక్యంగా తోచలేదు. కానీ తిరిగి వచ్చాక పక్కింటివాడితో గట్టు తగాదా అలాగే ఉంటే, తల మీద వెంట్రుకలతో పాటు మరేమీ పోలేదన్నమాట. ఈ మాట నేను వాళ్ల ముఖం మీదనే చెబుతాను, వాళ్లు ఒప్పుకుంటారు, మళ్లీ ఏడాది అదే తగాదాతో వెళతారు.

మా పండుగ సంగతీ అంతే. తేరు ఏ వీధి నుంచి మొదలవ్వాలన్న దాని మీద రెండు కుటుంబాలు మూడేళ్లు పంతానికి పోయాయి. ఒకరు పూలకు ఇంత పెడితే మరొకరు సౌండు బాక్సులకు అంతకంత పెట్టారు. దివ్యపూజ నడుస్తుంటే బయట జనరేటరు మోత. నేను రెండేళ్లు ఊరుకున్నాను. అది కానుకల పెట్టె కోసం కాదు, గొడవంటే భయపడి. మూడో ఏడాది తేరును కొండ ఊరి సవర యువకులు మోస్తారని, దారి వాళ్లే నిర్ణయిస్తారని ప్రకటించాను. రెండు కుటుంబాలూ నా మీద కలిసికట్టుగా అలిగాయి. కలవడమైనా జరిగింది. పండుగలో వచ్చిన కానుకలు, ఖర్చులు కాగితం మీద రాసి గుడి తలుపుకు అంటిస్తాం. చాలా ఏళ్లు ఖర్చే ఎక్కువ తేలుతుంది. మీ వ్యాసకర్త ఆ కాగితం చూడవచ్చు.

సవరల ప్రస్తావన వచ్చింది కనుక మరికొంత రాయాలి, ఎందుకంటే తెలుగువాళ్లకు నేను చేసిన అన్యాయం మూడేళ్లదైతే, వారికి మేమందరం చేసినది చాలా పాతది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, అందులో వాచకాలు రాసి, నిఘంటువు కూర్చారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినం జరుపుకుంటాం, మంచిదే. ఆయన నడిచిన ఊళ్లోనే ఉంటూ నాకు సవరలో కొన్ని వందల మాటలు దాటి రావు. తిరుసభ చట్టం 990వ నిబంధన ప్రకారం దుబాసీ ద్వారా కూడా పాపసంకీర్తనం చేయవచ్చు. ఆ దుబాసీ కూడా నాలాగే రహస్యం కాపాడవలసినవాడు. నియమం మంచిదే. అయినా తన తప్పులు చెప్పుకోవడానికి మధ్యలో ఇంకొక మనిషిని కూర్చోబెట్టుకునే ముసలివాడి మొహం చూస్తే, సిగ్గుపడవలసింది ఎవరో నాకు అర్థమవుతుంది. అందుచేత చాలామంది అసలు రారు. చనిపోయేముందు మాత్రం పిలుస్తారు.

సవర పెద్దలకు చనిపోయినవారి పేర రాయి నాటే ఆచారం పూర్వం నుంచి ఉంది. క్రైస్తవులైన తరువాత దానిని చాలామంది విడిచారు, కానీ చనిపోయిన మనిషితో ఇంకా మాట మిగిలి ఉంటుందన్న భావన వాళ్లను విడువలేదు. నవంబరు 2న ఆత్మల పండుగ నాడు మా సమాధుల తోటకు వచ్చి చూస్తే ఇది తెలుస్తుంది. తెలుగువాళ్లు సమాధికి సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, గురువు నీళ్లు చల్లే వంతు వచ్చేదాకా పక్కన నిలబడతారు. ఒడియా కుటుంబాలు జపం చెప్పుకుని తొందరగా ఇల్లు చేరతాయి. సవరలు కూర్చుంటారు, పొద్దుపోయేదాకా ఆ మట్టి దగ్గర చిన్న గొంతుతో ఏదో చెబుతూనే ఉంటారు, పంట సంగతులు, మనవల సంగతులు. కొత్తలో దీనిని నేను పాత మతపు అవశేషమనుకుని ఆపబోయాను. ఊళ్లో ఉండి జనానికి జపాలు, బోధ నేర్పే మా ఉపదేశి నన్ను పక్కకు పిలిచి, 'పునీతుల సహవాసాన్ని విశ్వసించుచున్నాను అని ఆదివారం చెబుతున్నాం కదా ఫాదరు గారూ, వీళ్లు అదే చేస్తున్నారు' అన్నాడు. పదో తరగతి తప్పిన మనిషి. ఆయన చెప్పినది సరిగ్గా విశ్వాస సంగ్రహంలో ఉన్న మాటే. గురువులు బదిలీ అవుతారు, ఉపదేశులు ఉండిపోతారు. ఈ జిల్లాలో ఏ విచారణ చరిత్ర రాసినా ముందు వాళ్ల పేర్లు రాయాలి. వాళ్లకిచ్చే జీతం మాత్రం ఇక్కడ రాయడానికి నాకు మొహం చెల్లదు.

2019లో, ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు, నేను తెలుగులో క్షమాపణ చెప్పి తెలుగు పూజను తిరిగి ప్రారంభించాను. నెలలో రెండు ఆదివారాలు తెలుగు పూజ విడిగా, మిగతా ఆదివారాలు అందరికీ కలిపి ఒకటే పూజ, అందులో ఒక పఠనం తెలుగులో, పాటలు మూడు భాషల్లో. ఒడియా పెద్దలు ఇద్దరు దీనిని విభజన అన్నారు. వారికి 518వ నిబంధన చదివి వినిపించాను: విచారణలు సాధారణంగా ప్రదేశాన్ని బట్టి ఏర్పడతాయి, కానీ అవసరమైన చోట భాషను బట్టి కూడా వేరే విచారణ ఏర్పరచవచ్చునని తిరుసభ చట్టమే అంటుంది. మేము వేరే విచారణ అడగలేదు, నెలకు రెండు గంటలు అడిగాం. ఇందులో ఒకాయన ఇంకా ఒప్పుకోలేదు; అయినా తెలుగు పూజ ఉన్న ఆదివారం గంట కొట్టేది ఆయనే.

మరుసటి ఏడాదే కొవిడ్ వచ్చి గుళ్లు మూతబడ్డాయి. ప్రతి ఆదివారం విచారణ ప్రజల పేర ఒక పూజ అర్పించడం విచారణ గురువు విధి. ఖాళీ బల్లల ముందు ఒంటరిగా ఆ విధి నెరవేర్చాను. పట్టణాల్లో ఫోనులో పూజ చూశారు. మా కొండ ఊళ్లలో సిగ్నలు లేదు. అక్కడ కూడా విశ్వాసం నిలబడింది జపమాల మీదనే, ఇంటి పెద్ద చెప్పే జపం మీదనే. గుడి తలుపులు తెరిచాక తిరిగి వచ్చినవారిలో తెలుగు వీధి వాళ్లే ముందు.

ఇప్పుడున్న సమస్య మరొకటి. తెలుగు పిల్లలకు తెలుగు చదవడం రాదు. బడిలో ఒడియా, ఇంగ్లిషు. తెలుగు ఇంట్లో మాటగానే ఉంది. జ్ఞానోపదేశం తరగతిలో వాళ్ల నోటు పుస్తకాలు చూస్తే, 'దేవవర ప్రసాదము చేత నిండిన మరియమ్మా' అన్నది ఒడియా అక్షరాల్లో గుండ్రంగా రాసుకుని ఉన్నారు. భాష అమ్మది, లిపి బడిది. మొదట చూసినప్పుడు మనసు చివుక్కుమన్నది. ఇప్పుడు పెద్దగా అనిపించదు. జపం నోటికి వచ్చాక పుస్తకం మూస్తారు కదా. అయినా ఆదివారం పూజ తరువాత అరగంట సేపు, మా అమ్మ చేసినట్టే, జపమాల పుస్తకం మీద వేలు పెట్టి అక్షరాలు చూపిస్తున్నాం. పదిహేడు మంది వస్తున్నారు. మీ పత్రిక ఆదివారం సంచికలో పిల్లల పేజీ ఒకటి ఉంటుంది. దాని పాత ప్రతులు మిగిలి ఉంటే మాకు పంపగలరా? పెద్ద అక్షరాలు కనుక వాళ్లకు చదువుకోవడానికి పనికివస్తాయి. తపాలా ఖర్చు మేము భరిస్తాం.

వ్యాసకర్త గారికి నా ఆహ్వానం కూడా తెలియజేయండి. ఫిబ్రవరి పండుగకు రావద్దు, అప్పుడు మా దగ్గర కూడా జనమే కనపడతారు. అక్టోబరులో ఏదో ఒక మామూలు రోజున, సాయంత్రం పాతపట్నం నుంచి ఆటోలో వస్తే, ఏడు గంటలకు తెలుగు వీధిలో జపమాల అందుతుంది. ఏ ఇంట్లోనో ముందుగా అడగనక్కరలేదు. చెప్పులు ఎక్కువగా విడిచి ఉన్న గుమ్మం ఏదో చూసుకుంటే చాలు. ఆ వీధి దీపం వెలగడం లేదు, పురపాలక సంఘానికి రెండుసార్లు అర్జీ పెట్టాం. టార్చి తెచ్చుకోమనండి.

ఇట్లు
భవదీయుడు,
ఒక విచారణ గురువు
గజపతి జిల్లా, ఒడిశా